మంచు చిమ్ము యంత్రము: పిడికి ఇవతలి సంగతి

కెనడా దేశమందును, అమెరికా ఉత్తర రాష్ట్రములందును, జపాను దేశపు పడమటి తీరమునను శీతకాలములో ఒక్క రాత్రిలోనే మోకాలిలోతు మంచు పడుట వింత కాదు. తెల్లవారి ఇంటినుండి వీథికి పోవలెనన్న ముందుగా ఆ మంచును తొలగించి దారి చేసికొనవలెను. మన ప్రాంతములనుండి పోయి షికాగో, టొరాంటో నగరములలో కాపురముండువారు మొదటి శీతకాలముననే నేర్చుకొను పనులలో ఇది యొకటి.

పని ఎంతటిదో విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును. ఇంటిముందరి బండిదారి 6 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడవు ఉన్నదనుకొందము. దానిపై 20 సెంటీమీటర్ల మంచు పడినచో మొత్తము 18 ఘనమీటర్లగును. అప్పుడే పడిన పొడిమంచు ఘనమీటరునకు 100 కిలోగ్రాములు తూగునన్నను 1,800 కిలోగ్రాములు. కొంత కరగి తడిసిన మంచు 300 కిలోగ్రాములు తూగునప్పుడు అదే దారిపై 5,400 కిలోగ్రాములు! చూచుటకు రెండును తెల్లగా ఒకే తీరున నుండును. నడుమునకు మాత్రము తేడా తెలియును.

పారతో తీసినచో శరీరముపై ఎంత భారము పడునో 1995లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో ప్రకటింపబడిన ఒక పరిశోధన చూపినది. వ్యాయామపు అలవాటు లేని, ఆరోగ్యవంతులైన పదిమంది పురుషులచేత బరువైన తడిమంచును ఒకమారు పారతోను, ఒకమారు విద్యుద్యంత్రముతోను తీయించిరి. పారతో తీయునపుడు గుండె నిమిషమునకు 170 మార్లు దాటి కొట్టుకొన్నది. యంత్రముతో తీయునపుడు 120 ప్రాంతముననే నిలిచినది. హృద్రోగులకు ఈ తేడా ప్రాణముతో సమానము. కనుక యంత్రము విలాసవస్తువు కాదు. అయితే పార మోసిన భారమంతయు యంత్రము మోయుచున్నదా, లేక అందులో కొంత భాగము నడుపువాని మణికట్టునకును, భుజమునకును, నడుమునకును బదిలీ అయినదా అనునదే ఇక్కడ విచారింపదగిన ప్రశ్న. ఈ దృష్టితో చూచినచో నేడు అమ్ముడుపోవుచున్న యంత్రములలో చాలావాటికి మంచి మార్కులు వేయుట కష్టము.

ఈ యంత్రములు పుట్టిన తీరులోనే లోపమునకు కొంత కారణము కలదు. కెనడా దేశమున 1869, 1870 సంవత్సరములలోనే తిరుగుడు చక్రములతో రైలుపట్టాలపై మంచును చిమ్ము సాధనములకు హక్కుపత్రములు పుట్టినవి. క్విబెక్ రాష్ట్రమునకు చెందిన ఆర్థర్ సికార్డు 1925లో లారీకి అమర్చు మంచుచిమ్ము యంత్రమును తయారుచేసెను. ధాన్యము నూర్చు యంత్రము పనిచేయు విధమును చూచి ఆయనకు ఈ ఊహ కలిగినదని చెప్పుదురు. ఈ పెద్ద యంత్రములను నడుపువాడు లోపల కూర్చుండి చక్రము త్రిప్పును. 1950 తరువాత ఇంటివారు వెనుక నడచుచు త్రోయు చిన్న యంత్రములు బజారులోనికి వచ్చినవి. వీనిలో ముందరి భాగము, అనగా మంచును కోసి విసరు భాగము, బాగుగనే చిన్నదైనది. కాని వెనుక భాగమునకు రెండు పిడులు తగిలించి, మిగిలినది మనిషికి వదలిపెట్టిరి.

ముందరి భాగము పనిచేయు తీరు సులభముగనే గ్రహింపవచ్చును. చిన్న యంత్రములలో ఒకే అంచె యుండును. రబ్బరు అంచుగల తెడ్లు నేలను రాచుకొనుచు తిరిగి, మంచును ఎత్తి తామే విసరును. ఆ రాపిడివలననే యంత్రము కొంత ముందునకు ప్రాకును. పెద్దవానిలో రెండు అంచెలు. ముందు పంటికొసలుగల ఉక్కు మర మంచును కోసి నడిమికి త్రోయును. దాని వెనుకనున్న విసురుచక్రము ఆ మంచును పట్టి పైనున్న గొట్టముగుండ దూరముగ చిమ్మును. ఉక్కు మర నేలను తాకదు గనుక ఈ యంత్రమును నడపుటకు చక్రములకు ఇంజను బలమే కావలెను.

విసురుచక్రపు వ్యాసము 30 సెంటీమీటర్లు, అది నిమిషమునకు 1,100 మార్లు తిరుగుచున్నదనుకొన్నచో దాని అంచు వేగము సెకనుకు సుమారు 17 మీటర్లు. గాలి నిరోధము లేనిచో 45 డిగ్రీల వాలున విసరిన మంచు 29 మీటర్ల దూరము పోవలెను. నిజమునకు 12, 15 మీటర్లలో పడును. మిగిలినది గాలియు, గొట్టపు గోడలును తినివేయును.

ఇక శక్తి మాట. 60 సెంటీమీటర్ల వెడల్పుగల యంత్రము 20 సెంటీమీటర్ల మంచులో సెకనుకు అర మీటరు చొప్పున నడచినచో సెకనుకు 0.06 ఘనమీటరు మింగును. పొడిమంచైనచో 6 కిలోగ్రాములు, తడిమంచైనచో 18 కిలోగ్రాములు. సెకనుకు 17 మీటర్ల వేగము పొందిన కిలోగ్రాము మంచునకు గతిజశక్తి సుమారు 145 జౌలులు. కాని ఇంజను ఇచ్చునది ఇంతే కాదు. కదలుచున్న పట్టీపై ఇసుక పోయు లెక్కను ఉపాధ్యాయులు ఎరుగుదురు. నిశ్చలముగనున్న పదార్థమును కదలుచున్న తలము హఠాత్తుగ తనతో ఈడ్చుకొని పోవునపుడు గతిజశక్తి ఎంతయో అంత శక్తి వేడిగా వృథా అగును. ఇక్కడను అట్లే. కావున పొడిమంచునకు సుమారు 1,740 వాట్లు, అనగా రెండు అశ్వశక్తులకు కొంచెము పైన. తడిమంచునకు 5,200 వాట్లు, అనగా ఏడు అశ్వశక్తులు. మంచును కోయుటకును, యంత్రము నడచుటకును అగు ఖర్చు వేరు. ఎనిమిది అశ్వశక్తుల ఇంజను తడిమంచులో ఉక్కిరిబిక్కిరి యగుటకు కారణమిదే.

దీనినుండి ఒక ముఖ్యమైన సంగతి తేలుచున్నది. మంచు తడిసినకొలది యంత్రము మెల్లగ నడువవలెను. విసురుచక్రము మాత్రము అదే వేగముతో తిరుగుచుండవలెను. రెండింటిని వేరువేరుగ అదుపుచేయగల వీలు లేనిచో యంత్రము సగము పనిముట్టే. చౌక యంత్రములలో నడక వేగమును మార్చుటకు తిరుగుచున్న లోహపు బిళ్ళపై రబ్బరు అంచుగల చిన్న చక్రమును అటునిటు జరుపుదురు. బిళ్ళ నడిమికి దగ్గరయైనచో నడక మందగించును, అంచునకు జరిగినచో హెచ్చును, నడిమిని దాటి ఆవలికి పోయినచో యంత్రము వెనుకకు నడచును. ఊహ ముచ్చటైనదే, ఖర్చును తక్కువే. కాని వేగము మార్చవలసినప్పుడెల్ల నడక మీటను వదలవలెను, మార్చవలెను, మరల పట్టవలెను. మంచు మందము అడుగడుగునకు మారుచుండగా ఎవడు ఇన్నిమార్లు ఆగును? ఒక వేగమునకు పెట్టి, ఇంజను మూలిగినప్పుడు చేతులతో వెనుకకు లాగి పట్టుకొనును. ఇంజనుతో మనిషి పెనుగులాట అక్కడ మొదలగును. నూనె పీడనముతో నడచు హైడ్రోస్టాటిక్ ఏర్పాటుగల యంత్రములలో ఆగకుండనే వేగమును కొంచెము కొంచెముగ మార్చవచ్చును. అవి ఖరీదైనవి. అయినను ఈ సౌకర్యమును ఆడంబరముల జాబితాలో చేర్చి అమ్ముట సరికాదు.

ఇంతకన్న పెద్ద చిక్కు మలుపు. సాధారణ యంత్రములలో రెండు చక్రములును ఒకే ఇరుసునకు బిగింపబడియుండును. నేరుగ పోవునపుడు ఇది చాల మంచిది, రెండును సమానముగ నెట్టును. తిరుగునపుడు మాత్రము బయటి చక్రము లోపలి చక్రముకన్న ఎక్కువ దూరము పోవలెను. చక్రముల నడిమి ఎడము 50 సెంటీమీటర్లైనచో వెనుదిరుగు ప్రతి మలుపులోను బయటి చక్రము 1.57 మీటర్లు అధికముగ పోవలసియున్నది. ఇరుసు ఒక్కటియే గనుక అది సాధ్యము కాదు. కనుక ఏదో ఒక చక్రము, లేక రెండును, ఆ మేరకు నేలపై రాచుకొని జారవలెను. జారించునది ఎవరు? నడుపువాని భుజములు. 90, 100 కిలోగ్రాముల యంత్రమును అట్లు ఈడ్చి త్రిప్పవలెను. పైన చెప్పిన 6 మీటర్ల దారికి 60 సెంటీమీటర్ల చాళ్ళు పది పడును, మలుపులు తొమ్మిది. మంచుపై చక్రము కొంత సులభముగ జారునుగాని, శుభ్రపడిన సిమెంటు నేలపైకి వచ్చుసరికి రబ్బరు పట్టివేయును. యంత్రము ఎంత బాగుగ నేలను తుడిచినచో మలుపు అంత కష్టమగును!

దీనికి పాత ఉపాయము ఒక చక్రపు మేకును ఊడదీసి, దానిని ఇరుసుపై వదులుగ తిరుగనిచ్చుట. అప్పుడు మలుపు తేలికయగును, కాని ఒంటిచక్రపు బలముతో మంచుకుప్పలో దూరలేదు. మోటారుకారులలోని డిఫరెన్షియల్ గేరు పెట్టినచో రెండు చక్రములును వేరువేరు వేగములతో తిరుగగలవు. అయితే ఒక చక్రము మంచుగడ్డపై జారినచో బలమంతయు ఆ వంకకే పోయి రెండవది ఊరకుండును. కనుక దానిని అవసరమైనపుడు బిగించు తాళము తప్పదు. అన్నింటిలోను యుక్తమైనది పిడిక్రింద వ్రేళ్ళకు అందునట్లు రెండు చిన్న మీటలుంచి, ఏ వైపు మీట నొక్కిన ఆ వైపు చక్రమునకు ఇంజను బలము తెగిపోవునట్లు చేయుట. ఇది క్రొత్త సంగతి కాదు. మన వరిపొలములలో పవర్ టిల్లరు నడుపు రైతునకు ఈ స్టీరింగు క్లచ్చి బాగుగ తెలియును. మంచు యంత్రముల తయారీదారులలో పెక్కుమంది దీనిని హెచ్చు వెల నమూనాలకే పరిమితము చేయుట విచారకరము. ఒక జాగ్రత్త మాత్రము చెప్పవలెను. పల్లమునకు దిగునపుడు బలము తెగిన చక్రము స్వేచ్ఛగ దొరలి ముందునకు పోవును. అందుచేత ఎడమ మీట నొక్కిన టిల్లరు కుడికి తిరుగును. గట్టు దిగు రైతు దీనిని అనుభవముతో నేర్చుకొనును. వాలుదారి గల ఇంటివారికి ఈ సంగతి యంత్రముపైననే వ్రాసి అంటించుట మేలు.

అలసటకును అపాయమునకును గల సంబంధము మరియొక మీట దగ్గర స్పష్టముగ కనబడును. చేయి వదలిన వెంటనే మరయు చక్రములును ఆగవలెనని యంత్రములకు రెండు మీటలు పెట్టుదురు. వదలిన తరువాత అయిదు సెకనులలోపల విసురుచక్రము నిలువవలెనని అమెరికా యంత్రముల కరదీపికలలో కనబడును. ఉద్దేశము ఉత్తమమైనదే. కాని చాల యంత్రములలో ఈ మీటయే ఒక తీగెను లాగి, స్ప్రింగుద్వారా బెల్టును బిగించును. అనగా బెల్టు బిగువును పని జరుగునంతసేపును మనిషి పిడికిలి మోయుచున్నది. మందపు చేతితొడుగులతో, సున్నకు ఇరువది డిగ్రీల దిగువ చలిలో, ముప్పావుగంట ఆ మీటను పిసికి పట్టుకొనుట ఎంతమందికి సాధ్యము? జపానులో ఏమి జరిగినదో చూడుడు. అక్కడ మంచుదేశములలో వృద్ధులే ఎక్కువగ ఈ పని చేయుచున్నారు. మీటను త్రాటితోనో, అంటుపట్టీతోనో కట్టివేసి నడుపుటవలన మరణములు సంభవించుచున్నవని అక్కడి ప్రభుత్వ పరీక్షాసంస్థ పలుమార్లు హెచ్చరించినది. వెనుకకు నడచుచు కాలుజారి పడినవానిపైకి కట్టివేసిన యంత్రము ఆగకుండ వచ్చును. గోడకును యంత్రమునకును నడుమ చిక్కుకొన్నవారును ఉన్నారు.

త్రాడు కట్టినవానిని నిందించుట సులభము. కట్టవలసినంత అవసరమును కల్పించిన నిర్మాణమును విడిచిపెట్టుట న్యాయము కాదు. రెండు మీటలలో ఒకటి పట్టినచో రెండవదానిని గూడ అదే పట్టియుంచు అమరిక ఇప్పుడు చాల యంత్రములలో ఉన్నది. దానివలన ఒక చేతికి విశ్రాంతి దొరకును. ఇంకను మేలైనది, మీటకు స్విచ్చి పని మాత్రమే అప్పగించి, బెల్టును పట్టువిడుపులు చేయు పనిని విద్యుదయస్కాంత క్లచ్చికి ఒప్పగించుట. అప్పుడు తేలికగ తాకియుంచినను చాలును, వదలినచో వెంటనే ఆగును. త్రాటి అవసరమే ఉండదు.

గొట్టము పూడుకొనుట వేరొక అనర్థము. గడ్డకట్టు స్థానమునకు దగ్గరగా, సున్నకు రెండు మూడు డిగ్రీలలోపున, మంచుకణములపై నీటిపొర ఏర్పడి అవి ఒకదానికొకటియు, లోహమునకును అంటుకొనును. గొట్టము మూసికొనిపోవును. తొందరలో నున్నవాడు ఇంజను ఆపి, చేయి లోపల పెట్టును. అప్పటికిని బెల్టులోను, మరలోను మెలిపడిన బిగువు కొంత నిలిచియుండును. అడ్డము తొలగిన క్షణమున విసురుచక్రము ఒక్కమారు విదిలించుకొని కదలును. ఆ ఒక్క కదలికకే వ్రేళ్ళు తెగినవారు ప్రతి శీతకాలమున అమెరికా ఆసుపత్రులకు వచ్చుచుందురు. గొట్టమును శుభ్రము చేయుటకు ప్లాస్టిక్కు కోల నొకదానిని యంత్రముపైననే తగిలించి ఇచ్చుట ఇప్పుడు వాడుకయైనది. మంచిదే. కాని కోల ఇచ్చుటకన్న గొట్టము పూడకుండ చేయుట ఘనమైన పని. విసురుచక్రపు రెక్కల కొసలకును, చుట్టునున్న డొల్లకును నడుమ ఎడము ఎక్కువైనచో తడిమంచు విసరబడక ఆ సందులో వెనుకకు జారి చిక్కబడును. ఈ సంగతి గ్రహించిన ఇంటివారు కొందరు రెక్కల చివర రబ్బరు ముక్కలు మరలతో బిగించి ఆ సందును మూసికొనుచున్నారు. ఫలితము బాగుగనే ఉన్నది. కొన్నవాడు ఇంటి కొట్టములో చేసికొనగల మరమ్మతును అమ్మినవాడు కర్మాగారములోనే చేసి ఇయ్యకపోవుట వింతగ తోచును.

చిమ్ముదిక్కును మార్చు ఏర్పాటును గురించి హెచ్చుగ చెప్పనవసరము లేదు. పొడవైన కమ్మీ చివర చేతిమరను పలుమార్లు త్రిప్పిననే గొట్టము ఆ ప్రక్కనుండి ఈ ప్రక్కకు తిరుగును. గాలి మారినప్పుడు మంచంతయు త్రిప్పువాని ముఖముపైననే పడును. గొట్టపు మూతి ఎత్తు మార్చుటకు యంత్రము ముందరకు నడచి పోవలసిన నమూనాలు నేటికిని అమ్ముడుపోవుచున్నవి. ఒకే మీటతో దిక్కును, ఎత్తును మార్చు ఏర్పాటు దీనికన్న ఎంతయో మెరుగు.

పిడుల ఎత్తు మాట వేరు. దానిని గురించి ప్రకటనలలో ఒక్క మాటయైనను కానరాదు. నిలుచున్న మనిషి మోచేయి నేలనుండి అతని ఎత్తులో సుమారు నూటికి 63 పాళ్ళ వద్ద నుండును. 175 సెంటీమీటర్ల మనిషికి 110, 160 సెంటీమీటర్ల మనిషికి 101. తొమ్మిది సెంటీమీటర్ల ఈ తేడా వంటింటి గట్టు దగ్గరనే తెలియును. బరువును నెట్టుచు నడచునపుడు తెలియకుండునా? ఒకే ఎత్తున బిగించిన పిడులు పొట్టివారి భుజములను పైకెత్తించును, పొడగరుల నడుమును వంచును. ఇంటిలో యంత్రమును నడుపువాడు ఎప్పుడును మధ్యరకపు ఎత్తుగల పురుషుడే యని నిర్మాతలు తలచినట్లున్నది. మూడు తూట్లు, రెండు మరమేకులతో తీరు లోపమిది.

వీథిలోని మంచును మునిసిపాలిటీ బండి త్రోసినప్పుడు బండిదారి మొగను గట్టి కట్టవంటిది ఏర్పడును. దానిని తాకినప్పుడు యంత్రపు మూతి లోపల దూరక పైకెక్కును. నడుపువాడు పిడులను పైకెత్తి మూతిని అణచును. ఇరుసునుండి మూతి 50 సెంటీమీటర్లు, పిడి 80 సెంటీమీటర్లు దూరమైనచో మూతిపై 10 కిలోగ్రాముల ఒత్తుడు కలిగించుటకు పిడులవద్ద 6 కిలోగ్రాములకు మించి ఎత్తవలెను. అదియు వంగి, నడచుచు. ఇరుసు స్థానమును మీటతో కొంత వెనుకకు జరుపగలిగినచో యంత్రపు బరువే ఈ పని చేయును. తులాదండ సూత్రము నేర్చిన తొమ్మిదవ తరగతి విద్యార్థి చెప్పగల పరిష్కారమిది. జపాను యంత్రములలో చక్రములకు బదులు పట్టాలమర్చి, మూతిని మోటారుతోనే ఎత్తుటకును దించుటకును వీలు కల్పించినవి కలవు.

మెచ్చుకొనదగినది మెచ్చుకొనవలెను. మరను దాని ఇరుసుకు కలుపు మెత్తని మేకు, షియర్ పిన్ అనునది, చాల తెలివైన ఏర్పాటు. మంచులో దాగిన రాయియో, వార్తాపత్రిక కట్టయో మరలో చిక్కినప్పుడు తాను తెగిపోయి, వేల రూపాయల గేరుపెట్టెను కాపాడును. దానికి బదులు గట్టి ఉక్కు మేకు బిగించి అతితెలివి ప్రదర్శించువారు తరువాత గేరుపెట్టెకు వెల చెల్లింతురు.

ఇటీవలి యేండ్లలో లిథియం బ్యాటరీతో నడచు రెండంచెల యంత్రములు వచ్చినవి. వీనిలో విసురుటకు ఒక మోటారు, నడచుటకు వేరొకటి పెట్టు వీలున్నది. నడకను ఎంతగ తగ్గించినను విసురు వేగము తగ్గదు. త్రాడు లాగి ఇంజను మొదలుపెట్టు శ్రమ లేదు, చలికి చిక్కబడిన నూనెతో పోరు లేదు. పైన చెప్పిన చిక్కులలో సగమునకు ఇక్కడ దారి కలదు. కాని చలిలో ఈ బ్యాటరీ నిలువ తగ్గును. సున్న డిగ్రీలకు దిగువ దానిని ఛార్జి చేయరాదు, చేసినచో లోపల లోహపు లిథియం పేరుకొని చెడును. తడిమంచు పడి అశ్వశక్తులు ఏడు కావలసిన ఉదయమే అది త్వరగ అయిపోవును. ఆ బ్యాటరీని కొట్టమునుండి ఊడదీసి, ఇంటిలోనికి మోసికొని పోయి, వెచ్చబడిన తరువాత ఛార్జి చేసి, మరల మోసికొని రావలసినవాడు పారను మోయలేని ఆ వృద్ధుడే.